మా హాల్లో పూల్ టేబుల్ పడుతుందా? కొలిచి చూసుకునే పద్ధతి

"మా హాలు పన్నెండు బై పదిహేను. ఎనిమిదడుగుల పూల్ టేబుల్ పడుతుందా?" హనుమకొండ నుంచి, కరీంనగర్ నుంచి, మంచిర్యాల నుంచి నన్ను అడిగేవారందరి ప్రశ్న ఇంచుమించు ఇదే. గది కొలత ఒక అడుగు అటూ ఇటూ మారుతుందంతే. నా జవాబు మాత్రం మారదు: బల్ల పడుతుంది, ఆట పడదు.

ఎందుకో తెలియాలంటే మా ఇంటి గోడ చూస్తే చాలు. నేల నుంచి సుమారు మూడడుగుల ఎత్తున రూపాయి బిళ్లంత గుంట ఒకటుంది, దాని పక్కనే చిన్నవి మరో రెండు. బల్ల కొన్న కొత్తలో క్యూ (బంతిని కొట్టే పొడవాటి కర్ర) వెనక కొస తగిలి గిలాబు ఊడిన గుర్తులవి. అప్పుడు నేను బల్లను కొలిచాను, గదిని కొలిచాను, చుట్టూ మనిషి నడిచే చోటుందని సంతోషించాను. చేతిలో పట్టుకునే క్యూ పొడవెంతో కొలవాలని తోచలేదు. ఆ గోడకు రెండుసార్లు మరమ్మతు చేయించి, మూడోసారి వదిలేశాను.

కాబట్టి బయానా ఇవ్వకముందే ఒక ఆదివారం పూట ఈ పని పెట్టుకోండి. రెండు గంటలు చాలు.

దగ్గర పెట్టుకోవలసినవి

ఇనుప టేపు. ఇంట్లో ఉండే ఐదు మీటర్ల టేపు పదహారడుగుల దగ్గర అయిపోతుంది, ఏడున్నర మీటర్లది తెచ్చుకోండి. కరెంటు వైర్లు వేసే ప్లాస్టిక్ పైపు ఒకటి, వంకర లేనిది, సరిగ్గా 58 అంగుళాలకు, అంటే 4 అడుగుల 10 అంగుళాలకు కోసుకోవాలి. మామూలు క్యూ పొడవు అదే. సుద్దముక్క, పురికొస, మేస్త్రీలు వాడే రసమట్టం, పది పన్నెండు అడుగుల పారదర్శక నీటి గొట్టం. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి. ఒంటరిగా కొలిచిన కొలతను నేను నమ్మను.

1. అమ్మేవారిని ఆట మైదానం కొలత అడగండి

"ఏడడుగులు", "ఎనిమిదడుగులు" అనేవి బల్లకు పేర్లే తప్ప కొలతలు కావు. మీకు కావలసింది ఒక కుషన్ (బంతి తగిలి వెనక్కి వచ్చే రబ్బరు పట్టీ) అంచు నుంచి ఎదురు కుషన్ అంచు వరకు, బంతి దొర్లే భాగం కొలత. చుట్టూ ఉండే చెక్క పట్టీని లెక్కలోకి తీసుకోకూడదు. సాధారణంగా ఇవి ఇలా ఉంటాయి:

ఏడడుగుల బల్ల: 78 బై 39 అంగుళాలు
ఎనిమిదడుగుల బల్ల: 88 బై 44 అంగుళాలు
తొమ్మిదడుగుల బల్ల: 100 బై 50 అంగుళాలు

ఏడడుగుల పేరుతో 76 బై 38 ఉన్నవీ అమ్ముతారు. అందుకే కాగితం మీద రాయించుకోండి. పొడవు సరిగ్గా వెడల్పుకు రెట్టింపు ఉండాలి. వాళ్లు చెప్పిన అంకెలు అలా లేకపోతే బయటి చెక్కతో కలిపి చెప్పారని అర్థం, మళ్లీ అడగండి.

అదే ఫోనులో మరో నాలుగు సంగతులు కనుక్కోండి: మొత్తం బరువు, లోపలి రాయి మందం, ఆ రాయి ఒకే పలకా మూడు ముక్కలా, బిగించిన కొన్ని వారాలకు మట్టం సరిచేయడానికి మళ్లీ వస్తారా రారా. మంచి బల్లకు బట్ట కింద పలకరాయి ఉంటుంది, మనం చిన్నప్పుడు బడికి పట్టుకెళ్లిన పలక జాతిదే. ముప్పావు అంగుళం నుంచి అంగుళం దాకా మందం ఉంటుంది. మార్బుల్ పరిచినవీ దొరుకుతాయి. చెక్కపొడి అట్టతో చేసినవి చవక, కానీ రెండు వానకాలాలు గడిచేసరికి వంగితే ఆశ్చర్యపోవద్దు.

పూర్తి స్నూకర్ బల్ల ఆలోచన ఉంటే ఇక్కడే ఆపేయండి. పన్నెండడుగులది టన్నుకు పైనే తూగుతుంది, దానికి 21 అడుగులకు మించిన గది కావాలి.

2. గదిని ప్లాను మీద కాదు, గోడ నుంచి గోడకు కొలవండి

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. ప్లానులో పన్నెండని రాసి ఉంటుంది. తరవాత రెండు వైపులా గిలాబు పడుతుంది, పుట్టీ పడుతుంది. చివరికి టేపు పెడితే పదకొండడుగుల పది అంగుళాలే. ఆ రెండంగుళాలే రేపు కొంప ముంచుతాయి.

నేల మీద కొలవకండి. మూడడుగుల ఎత్తున కొలవండి, క్యూ కదిలేది ఆ ఎత్తులోనే. పొడవును మూడుచోట్ల, వెడల్పును మూడుచోట్ల తీసుకొని అన్నింటిలో చిన్నదాన్నే రాసుకోండి. మన ఇళ్లలో గదులు చూడటానికి చదరంగానే ఉంటాయి, ఒక కొస నుంచి మరో కొసకు వచ్చేసరికి ఒకటి రెండు అంగుళాలు తేడా రావడం మామూలే.

గోడకు ముందుకు వచ్చినవన్నీ లెక్కలోకి వస్తాయి. నాలుగున్నర అంగుళాల గోడలోంచి పొడుచుకొచ్చిన పిల్లరు, టీవీ అల్మారా, బీరువా, కిటికీలోంచి లోపలికి ఉబ్బిన కూలరు, లోపలికి తెరుచుకునే తలుపు. గది మూలలో పిల్లరుంటే దిగులు పడకండి. బల్ల మూల నుంచి కొట్టేటప్పుడు క్యూ ఐమూలగా వెళ్తుంది, గది మూలలో చోటు మిగులుతూనే ఉంటుంది. గోడ మధ్యలో ఉన్న పిల్లరే ప్రాణం తీస్తుంది.

తక్కువ ఎత్తు వస్తువుల సంగతి వేరు. దివాను మీదుగా క్యూ వెళ్లిపోతుంది, కానీ మీ కాళ్లు ఎక్కడ పెడతారు? అందుకే దాన్ని కూడా అడ్డంకిగానే రాసుకోండి.

3. కూడిక

బంతి కుషన్‌కు ఆనుకొని ఉన్నప్పుడు క్యూ దాదాపు మొత్తం ఆట మైదానం బయటే ఉంటుంది. కాబట్టి ఆట మైదానం కొలతకు రెండువైపులా ఒక్కో క్యూ పొడవు కలపాలి. 58 అంగుళాల క్యూతో కావలసిన కనీస గది:

ఏడడుగుల బల్ల: 16 అడుగుల 2 అంగుళాలు బై 12 అడుగుల 11 అంగుళాలు
ఎనిమిదడుగుల బల్ల: 17 అడుగులు బై 13 అడుగుల 4 అంగుళాలు
తొమ్మిదడుగుల బల్ల: 18 అడుగులు బై 13 అడుగుల 10 అంగుళాలు

ఇది ఊపిరి బిగబట్టుకొని ఆడే కొలత. కొట్టే ముందు చెయ్యి వెనక్కి లాగాలి కదా, దానికి ప్రతి వైపూ మరో ఆరంగుళాలు ఉంటే హాయి. అంటే పై కొలతలకు పొడవులో ఒక అడుగు, వెడల్పులో ఒక అడుగు కలిపి చూసుకోండి.

ఇప్పుడు పన్నెండు బై పదిహేను హాలు సంగతి. ఎనిమిదడుగుల బల్లకు అది రెండు పక్కలా చాలదు. ఏడడుగుల బల్లకూ పూర్తి క్యూతో చాలదు. 48 అంగుళాల పొట్టి క్యూతో ఏడడుగుల బల్లకు కావలసింది 14 అడుగుల 6 అంగుళాలు బై 11 అడుగుల 3 అంగుళాలు. అది పడుతుంది. ఆట సంతోషంగా ఉంటుందా అంటే, పిల్లలకు ఉంటుంది, చేయి తిరిగిన వారికి చిరాకు వస్తుంది.

గది ఒక్క పక్కనే ఇరుకైతే అన్ని క్యూలూ పొట్టివి కొనకండి. పూర్తి పొడవువి రెండు, 52 లేదా 48 అంగుళాలది ఒకటి తీసుకొని ఆ ఇరుకు పక్కకు మాత్రం పొట్టిది వాడండి. 36 అంగుళాల క్యూ కూడా అమ్ముతారు. అది ఆటబొమ్మ, దాన్ని నమ్ముకొని పెద్ద బల్ల కొనవద్దు. పెద్ద బల్ల మీద పొట్టి క్యూ కన్నా చిన్న బల్ల మీద పూర్తి క్యూ ఎన్నో రెట్లు మేలు.

4. సుద్దతో గీసి, పైపుతో ఆడి చూడండి

కాగితం మీద లెక్క కుదిరిందని బయానా పంపేయకండి. ఆట మైదానాన్ని నేల మీద సుద్దతో గీయండి. గీత వంకర పోకుండా పురికొస లాగి పట్టుకోండి. నాలుగు మూలలూ సరిగా ఉన్నాయో లేదో తెలియాలంటే రెండు ఐమూలలూ కొలవండి, రెండూ సమానంగా రావాలి. దాని చుట్టూ ఆరంగుళాల దూరంలో మరో గీత గీయండి. అది చెక్క పట్టీ అంచు, మీ పొట్ట ఆనే చోటు.

ఇప్పుడు డైనింగ్ టేబుల్‌ను ఆ గీత దగ్గరికి జరపండి. దాని ఎత్తు సుమారు 30 అంగుళాలు, పూల్ టేబుల్ ఎత్తూ దాదాపు అంతే. పైపు ముందు కొస లోపలి సుద్దగీతకు సరిగ్గా పైన ఉండేలా బల్ల మీద ఆనించి, వంగి, కొడుతున్నట్టు చెయ్యి వెనక్కి లాగండి. మోచేయి దేనికి తగులుతోంది? పైపు వెనక కొస గోడను తాకుతోందా? గీత వెంబడి ప్రతి రెండడుగులకూ ఇలా చేయండి. తలుపు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి. తగిలిన ప్రతిచోటా గోడ మీద పెన్సిలు గుర్తు పెట్టండి. ఒకటి రెండు గుర్తులే ఉంటే ఆ గీతల పెట్టెను నాలుగంగుళాలు జరిపితే సరిపోవచ్చు. ఒక గోడ నిండా గుర్తులే ఉంటే బల్ల ఒక సైజు తగ్గించండి.

ఈ దశలోనే ఇంట్లో పెద్దవారు వాస్తు ప్రస్తావన తెస్తారు. బరువు నైరుతిలో ఉండాలి, ఇంటి నడుమ ఉండకూడదు అంటారు. వాదన పెట్టుకోకండి. గది విషయంలో వారి మాట వినండి, గది లోపల మాత్రం పైపు మాట వినండి. బల్లను ఒక మూలకు నెట్టారంటే రెండు గోడల వైపు ఆట పోయినట్టే.

5. నేల: వాటం, డొల్ల, బరువు

మన దగ్గర హాలు నేల పూర్తి మట్టంగా ఉండటం అరుదు. కడిగిన నీళ్లు గడప వైపు పోవాలని మేస్త్రీ కావాలనే కొంచెం వాటం ఇస్తాడు. వరండాను గదిగా మార్చిన చోట, డాబా మీద తరవాత వేసిన గదిలో ఈ వాటం మరీ ఎక్కువ. దీన్ని కొలవడానికి గోలీ దొర్లించి చూసేవారున్నారు. టైల్స్ మధ్య సందుల్లో గోలీ ఎటు పడితే అటు పోతుంది, అది పరీక్ష కాదు.

నీటి గొట్టమే సరైన సాధనం. బుడగల్లేకుండా గొట్టాన్ని నీళ్లతో నింపండి. రెండు కొసలనూ బల్ల కాళ్లు వచ్చే రెండు చోట్ల నిలబెట్టి, నేల నుంచి నీటిమట్టం ఎత్తు రెండుచోట్లా కొలవండి. తేడాయే మీ వాటం. అరంగుళం లోపయితే బిగించేవారు కాళ్ల దగ్గర సరిచేస్తారు. అంగుళం దాటితే ముందుగానే చెప్పండి, లేదా మేస్త్రీని పిలిపించండి.

తరవాత కాళ్లు వచ్చే చోట టైల్‌ను రూపాయి బిళ్లతో కొట్టి వినండి. గట్టి శబ్దం వస్తే మంచిది. డొల్లగా మోగితే కింద సిమెంటు సరిగా నిండలేదు. ఎనిమిదడుగుల రాతి బల్ల సుమారు 350 నుంచి 450 కిలోలు, నాలుగు కాళ్లున్నదైతే ఒక్కో కాలి మీద వంద కిలోలు పడుతుంది. డొల్ల టైల్ పగలడం ఖాయం. ఆ ఒక్క టైల్ తీసి మళ్లీ వేయించండి, లేకుంటే గీత జరపండి. టైల్ గట్టిగా ఉన్నా కాళ్ల కింద అరచేయంత గ్రానైటు ముక్కలు వేయించుకోండి. కరీంనగర్ చుట్టుపక్కల ఉన్నవారికి అవి దొరకడం కష్టమేమీ కాదు.

పై అంతస్తయితే మరో ప్రశ్న: స్లాబు మోస్తుందా? భవన ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం నివాస గదుల స్లాబును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక బరువుకు లెక్కవేస్తారు. ఎనిమిదడుగుల బల్ల ఆక్రమించే చోటు మూడున్నర చదరపు మీటర్ల పైనే కాబట్టి, పిల్లర్లు, బీములతో సరిగా కట్టిన స్లాబుకు ఇది మోయలేని బరువు కాదు. అయినా ఇల్లు కట్టిన ఇంజనీరును ఒక మాట అడగండి. ఈ మూడు చోట్ల మాత్రం అడగకుండా పెట్టనే వద్దు: వీధి మీదికి మూడడుగులు పొడుచుకొచ్చిన గది భాగం, దూలాల మీద బండలు పరిచిన పాత మిద్దె, చెమ్మతో పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడిన స్లాబు.

కింది అంతస్తయితే చెదలు చూసుకోండి. గుమ్మం చెక్క మీద, గోడ అడుగున మట్టి గీతలు కనిపిస్తే ముందు వాటికి మందు కొట్టించండి. బల్ల కాళ్లు వాటికి విందు భోజనం.

6. లోపలికి వచ్చే దారి

మూడు ముక్కల రాయి అయితే ఎనిమిదడుగుల బల్లకు ఒక్కో ముక్క నాలుగడుగులకు పైగా పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, 70 కిలోల బరువు ఉంటుంది. ఇద్దరు ముగ్గురు మనుషులు నిలువుగా పట్టుకొని మెట్లెక్కించగలరు. ఒకే పలక అయితే మెట్ల మలుపు దగ్గరే కథ ముగుస్తుంది.

గేటు నుంచి గది దాకా అన్ని ద్వారాల వెడల్పూ కొలవండి. తలుపు రెక్క తెరిచినప్పుడు మిగిలే చోటే అసలు వెడల్పు. మెట్ల మలుపులో పొడవూ వెడల్పూ, తలమీది స్లాబు ఎత్తూ రాసుకొని అమ్మేవారికి ఫొటోలు పంపండి. అందరూ చట్రం సంగతి మరిచిపోతారు. పొడవాటి చెక్కలు ఎనిమిదడుగులు దాటతాయి, రాయి వచ్చిన మలుపులో అవి రాకపోవచ్చు. లారీ సందులోకి రాకపోతే ఎంత దూరం మోయాలో కూడా ముందే చెప్పండి. వాకిట్లో బేరం మొదలైతే మీ చేతిలో ఏమీ ఉండదు.

7. దీపం, ఫ్యాను, కూలరు

గది నడుమ సీలింగ్ ఫ్యాను ఉంటుంది, దాని కిందే బల్ల వస్తుంది, దీపమూ అక్కడే కావాలి. ఫ్యాను పైన దీపం పెడితే రెక్కల నీడ బల్ల మీద తిరుగుతూ కళ్లు తిప్పుతుంది. కాబట్టి ఫ్యానును పక్కకు మార్చి, నడుమ దీపాన్ని వేలాడదీయండి. రంగులు వేయించే ముందే ఈ వైరింగు పని అయిపోవాలి.

దీపం అడుగు భాగం బల్ల ఉపరితలానికి 32 నుంచి 36 అంగుళాల ఎత్తున, అంటే నేలకు సుమారు అయిదున్నర అడుగుల ఎత్తున ఉండాలి. నాలుగడుగుల ఎల్‌ఈడీ ట్యూబులు వరసగా రెండు, ఎనిమిదడుగుల బల్ల పొడవంతా వెలుగు పరుస్తాయి. ఒకే బల్బు నడుమ వేలాడదీస్తే మూల పాకెట్లు, అంటే బంతి పడే మూల గుంతలు, చీకట్లో మిగులుతాయి. కొక్కెం స్లాబులోకి దిగాలి, ఫాల్స్ సీలింగ్‌కు కాదు.

ఇక కూలరు. మే నెలలో రామగుండం వైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, కూలరు వద్దని చెప్పడం నావల్ల కాదు. కానీ దాని తడిగాలి నేరుగా బల్ల మీదికి కొట్టకూడదు. బట్ట తేమ పీల్చి బంతి బద్ధకంగా దొర్లుతుంది, చెక్క ఉబ్బుతుంది. గాలిని పక్క గోడ వైపు తిప్పండి, ఆడనప్పుడు బల్ల మీద గుడ్డ కప్పండి. డాబా మీద రేకుల గదిలో బల్ల పెట్టాలనుకునేవారికి ఒకటే మాట: ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి ఆ గదిలో పావుగంట కూర్చొని రండి, తరవాత నిర్ణయించుకోండి.

8. బిగించే రోజు, ఆ తరవాత

బల్ల వచ్చేలోగా నేల మీద సుద్దగీత చెరపకండి, బిగించేవారికి అదే పటం. బట్ట పరచక ముందు రాయి మీద రసమట్టం పెట్టి మీ కళ్లతో చూడండి: పొడవునా, అడ్డంగా, ఐమూలగా, రాళ్ల అతుకుల మీద. అతుకు మీద వేలిగోరు అడ్డంగా నడపండి. గోరు ఎక్కడైనా తట్టుకుందంటే ఒక రాయి లేచి ఉంది. పేకముక్క మందం తేడా అయినా బంతికి తెలుస్తుంది. బట్ట పరిచేశాక ఇది సరిచేయాలంటే బట్ట మళ్లీ ఊడదీయాలి, కాబట్టి మొహమాటపడకండి.

బట్ట బిగించాక బంతిని వీలైనంత నెమ్మదిగా దొర్లించండి. వేగంగా పోయే బంతి ఏ లోపమూ చెప్పదు, ఆగిపోబోయే బంతి చివరి అడుగులోనే నిజం చెబుతుంది. అక్కడ పక్కకు ఒరిగితే అటు పల్లమన్నమాట. అదే దారిలో ఎదురు వైపు నుంచి కూడా దొర్లించండి, మరో బంతితోనూ చూడండి. రెండుసార్లూ ఒకే గోడ వైపు ఒరిగితే తప్పు బల్లది. దీపం వేసి నాలుగు మూలల్లో బంతులు పెట్టి కుషన్ నీడ చూడండి. నీడలో బంతి సగం మునిగితే దీపం సరిగా లేదు.

మూడు నాలుగు వారాలకు కాళ్లు సర్దుకుంటాయి, అప్పుడు ఇదే పరీక్ష మళ్లీ చేయండి. మొదటి వానకాలం గడిచాక, దసరా సెలవుల్లో, ఇంకోసారి. మా బల్ల ఆ అక్టోబరులో కిటికీ వైపు ఒరిగింది. కాలి కింద ఒక పలచటి రేకు ముక్క పెట్టించాక ఇప్పటిదాకా కదల్లేదు.

పైపును పారేయకండి. మీ బల్ల చూసి వెళ్లిన పక్కింటివారు వారం తిరక్కముందే అడగడానికి వస్తారు.